సగం గడ్డం

మిల్లు మూతపడ్డాక, పని వెతుక్కునేవాళ్లందరికీ సెలూన్ బాబాయి ఊరికే గడ్డం గీసేవాడు. అద్దంలో మొహం చూపించి, భుజం తట్టి మరీ పంపేవాడు. ఒకరోజు మిల్లు మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు. ఒక చెంప పూర్తవగానే బాబాయి, బెంచీ మీదివాళ్లందరికీ వినబడేలా, "మొహమాటపడకండి మేస్త్రీగారూ, ఉద్యోగం పోయినవాళ్లకి మన దగ్గర ఉచితం!" అన్నాడు. మేస్త్రీ మెడచుట్టూ ఉన్న గుడ్డ విప్పి, మడిచి పెట్టి, రెండో చెంప మీది నురగతోనే వెళ్లిపోయాడు.

బాబాయికి తల కొట్టేసినట్లయింది. కత్తి, సబ్బుగిన్నె పట్టుకుని వాళ్లింటికి పరిగెత్తాడు. "తప్పయిపోయిందండీ," అన్నాడు గుమ్మంలో నిలబడి. "సగం గడ్డంతో ఎక్కడికెళ్లను? కానీయవయ్యా," అంటూ మేస్త్రీ పీట లాక్కుని కూర్చున్నాడు. గడ్డం గీయాలంటే మొహంలోకి చూడక తప్పదు. ఆ పూట బాబాయికి అంతకన్నా కష్టమైన పని లేకపోయింది.