మాగ్నెట్ కడ్డీ మీది నలుపు

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఇన్నేళ్లూ రాలేదు. ఒక అమ్మాయి చదువు నా వల్ల ఆగిపోయింది. ఆ బరువు మోస్తూనే పాఠాలు చెప్పాను, సన్మానాలు కూడా చేయించుకున్నాను. తప్పు తనదేనని ఆమె నమ్మడం అన్నిటికన్నా బరువు.

అప్పట్లో కర్నూలులో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేవాణ్ణి. మందుల తయారీకి పనికొచ్చే ఒక పదార్థం మీద నా పని. దాన్ని మామూలుగా మూడు దశల్లో, మూడు ఫ్లాస్కుల్లో చేస్తారు. ప్రతి దశకూ కడగడం, వడకట్టడం. డ్రమ్ములకొద్దీ ద్రావకం వృథా. అది చివరికి ఏ వాగులో, ఏ వంకలో కలుస్తుందో ఎవరూ అడగరు. నేను కోడుమూరు పక్క పల్లెలో పుట్టినవాణ్ణి. నీళ్లు పాడైతే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇనుము, రాగి రెండూ ఉత్ప్రేరకాలుగా ఒకే ఫ్లాస్కులో ఉంటే, ఒకటి తన పని ముగించి రెండోదానికి అందిస్తుందని, మూడు దశలూ ఒక్కచోటే పూర్తవుతాయని నా ఆలోచన. మామూలుగా ఈ పనికి వాడే ఖరీదైన పల్లాడియం లోహంతో పనే లేదు. చేశాను, అయింది. మళ్లీ చేశాను, మళ్లీ అయింది. పరిశోధన పత్రికలో పేపరు అచ్చయింది. గైడుగారు అందరికీ మిఠాయిలు తెప్పించారు.

ఆ తర్వాత ఒకరోజు, ఫ్లాస్కులో తిరుగుతూ ద్రవాన్ని కలిపే చిన్న మాగ్నెట్ కడ్డీ కనపడలేదు. కొత్తది వేశాను. ఏమీ తయారు కాలేదు. పాతది వెతికి పట్టుకుని వేశాను. తయారైంది. దాని తెల్లటి పూత మీద, ఎంత రుద్దినా పోని నల్లటి మరక ఉండేది. నాకు ముందు ఆ బల్ల దగ్గర పనిచేసినాయనది పల్లాడియం పని. ఆ కడ్డీ ఆయన వాడిందే. అర్థమైంది. పనిని నడిపించింది నేను రాసిన రెండు లోహాలే కాదు. అక్కర్లేదని నేను గొప్పగా రాసిన మూడోది కూడా ఆ మరకలో కూర్చుని ఉంది.

అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? పేపరు వెనక్కి తీసుకునేవాళ్లం. డిగ్రీ ఆలస్యమయ్యేది. అంతే. ఆ 'అంతే'కే భయపడ్డాను. కడ్డీని చెత్తబుట్టలో పడేశాను. అది కనపడకుండా పోతే జరిగిందీ లేకుండా పోతుందనుకున్నానా? ఆ క్షణంలో ఏమనుకున్నానో ఇప్పుడు ఎంత తవ్వుకున్నా నాకు దొరకదు. పడేశానని మాత్రం తెలుసు.

సలోమి ఆ తర్వాత చేరింది. అసలు పేరు అది కాదు. నందికొట్కూరు దగ్గరి పల్లె, అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. పరిశోధనలో సీటు వచ్చిందని తెలిసి వాళ్ల చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన చేశారట. నా పద్ధతినే ముందుకు తీసుకెళ్లడం ఆమెకు అప్పగించిన పని. నేను రాసింది రాసినట్టు చేసేది. రాలేదు. ఇనుము మార్చింది, రాగి మార్చింది, వేడి మార్చింది. అయినా రాలేదు. అలా ఏళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి నిలబడింది.

"అన్నా, నువ్వు చేసినప్పుడు పాత సామాన్లతో చేసినావా, కొత్తవాటితోనా?"

ఒక్క మాట చెబితే చాలు. అంత దగ్గరకు వచ్చింది ఆ పిల్ల.

"ఏవైతే ఏముండాదిలేమ్మా," అన్నాను. "రాసినట్లే చెయ్యి. దీనికి చెయ్యి కుదరాల."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"అట్లయితే నా చెయ్యే మంచిది కాదేమోన్నా."

కాదమ్మా అనలేదు నేను. పని ఉన్నట్టు తల తిప్పుకున్నాను.

గైడుగారు కూడా ఆమెకు ల్యాబు పని అబ్బలేదని తేల్చేశారు. సలోమి మధ్యలోనే మానేసి వెళ్లిపోయింది. నాకు కడపలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఈమధ్య మా ఇద్దరికీ తెలిసిన మిత్రుడొకడు కలిసి, ఆమె ఒక బడిలో సైన్సు చెబుతోందని అన్నాడు. పాఠం బాగా చెబుతుందట. పిల్లలకు ప్రయోగం చేసి చూపించాల్సి వస్తే మాత్రం పక్క టీచరును పిలుస్తుందట. వాడు నవ్వుతూ చెప్పాడు.

మరుసటి రోజు ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మరక గురించి, చెత్తబుట్ట గురించి అంతా చెప్పాను. ఆమె గైడుగారికి తెలుసా అని మాత్రం అడిగింది. తెలియదన్నాను. తనకు క్లాసు ఉందని చెప్పి పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఎందుకు? తిట్లు తింటే తీరిపోయిందని అనుకోవడానికా? ఆ అవకాశం ఆమె నాకివ్వలేదు. ఇవ్వాల్సిన పని కూడా లేదు.

పేపరు వెనక్కి తీసుకోమని కారణంతో సహా పత్రికకు రాశాను. ఇప్పుడెందుకు తవ్వడమని గైడుగారు విసుక్కున్నారు. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. సలోమికి పోయిన ఏళ్లు మాత్రం ఏం చేసినా రావు. క్షమించమని మిమ్మల్నీ అడగను. నేను చేసిన ఒక ప్రయోగం గురించి ఏదీ వదిలిపెట్టకుండా రాయడం ఇదే మొదటిసారి.