గీజర్ అత్తమ్మ

నా చిన్నప్పుడు నాకు అ ఆలు నేర్పడానికి ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది గానీ, పగ ఎలా తీర్చుకోవాలో మాత్రం మా నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఆ పగ చదువు మాత్రం పరికిణీ కట్టే వయసులోనే పూర్తయింది.

మాది జనగామ దగ్గర పల్లె. మా చిన్నాయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. ఒక ఎండాకాలం భార్యాపిల్లలతో ఊరికి వచ్చి, ఇంట్లో పిల్లలందరినీ జూ పార్కుకు తీసుకుపోతానన్నాడు. ఆ రోజు నేను పొద్దున్నే తలకు పోసుకుని, జడ వేయించుకుని, అందరికంటే ముందు అరుగు మీద కూర్చున్నాను. ఆయన నన్ను చూసి మా అమ్మతో అన్నాడు: "దీన్నెందుకు వదినా? బోర్డు సదువరాని పిల్ల ఆడ తప్పిపోతె ఎవలు ఎతుకాలె?" మిగతా పిల్లలు నవ్వారు. అమ్మ తమ్ముణ్ణి నా చంకకెక్కించి లోపలికి పంపింది. నేను బడికి పోకపోవడానికి కారణం చంకలోని ఆ తమ్ముడే.

నాయనమ్మ వాళ్ళకు సర్వపిండి మూటగట్టి ఇచ్చి, నవ్వుతూ సాగనంపింది. నాకు ఆమె మీద కూడా ఒళ్ళు మండిపోయింది. తిరిగొచ్చాక వాళ్ళ నోట రోజూ జూ ముచ్చటే, చిన్నాయనకైతే తనను చూసి పులి గాండ్రించిన కథే. కొన్నాళ్ళకు నాయనమ్మ, తన చెల్లెల్ని చూసొస్తానని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆమెకూ చదువు రాదు. కనిపించిన వాళ్ళనల్లా అడుక్కుంటూ నన్ను నేరుగా జూ పార్కుకే తీసుకుపోయింది. మేం తప్పిపోలేదు. మేం పోయిన వేళకు పులి కందకంలోకి దిగి, నీళ్ళలో హాయిగా ఈదుతోంది. నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా చెవిలో ఒక ప్రశ్న చెప్పి, "నేను సైగ జేసినప్పుడే అడుగు, అందాక నోరు మెదపకు" అంది.

మేం ఊరికి చేరిన సాయంత్రం వాకిట్లో ఇరుగుపొరుగు అందరూ కూర్చున్నారు. చిన్నాయన మళ్ళీ పులి కథ ఎత్తుకున్నాడు. ఈసారి పులి ఆయనను చూసి గాండ్రించడమే కాదు, కందకం దాటి దూకబోయింది కూడా. నాయనమ్మ అడ్డురాలేదు. "అట్లనా కొడుకా, ఇంకేం జేసింది?" అని ఇంకాస్త ఎగదోసింది. ఆయన చెప్పడం పూర్తయ్యాక, మోకాలితో నన్ను పొడిచింది. నేను అడిగాను: "చిన్నాయినా, పులి నీళ్ళల్ల ఈతగొట్టేటప్పుడు తోక పైకి వెట్టిందా, ముంచిందా?"

ఆయన కాస్త తడబడి, "పైకే వెట్టింది" అన్నాడు. పక్కనే కూర్చున్న ఆయన కూతురు, "ఏంది నాయినా, పులి పండుకునే ఉండె గద. లేస్తదేమోనని నువ్వు రాయి గూడ ఇసిరితివి, అయినా లేవకపాయె" అంది. వాకిలంతా నవ్వింది. చిన్నాయన ఆ తర్వాత మా ఇంట్లో పులి మాట ఎత్తలేదు.

నాయనమ్మ నాతో ఇలా అంది: "నిన్ను అన్ననాడే నేను మాటంటె అది కొట్లాట. తెల్లారితె అందరు మర్సిపోదురు. ఎవల మాట ఆళ్ళను పూర్తిగ చెప్పనియ్యాలె. మద్యల ఆపొద్దు. ఆఖరికి ఒక్కటే అడగాలె." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న తృప్తిని నేను మళ్ళీ మరొకరి ముఖంలో చూడలేదు.

ఇప్పుడు నేను జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో, నా బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ ఆదివారాలు తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పుతారు. మనవరాలిని దింపడానికి పోయి, నేనూ పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్నాను.

పోయిన చలికాలం మా అల్లుడూ, హాంబర్గ్‌లో ఉండే వాళ్ళ అక్కా కలిసి అమెరికాలో ఎల్లోస్టోన్ అనే పెద్ద అడవి పార్కుకు పోదామనుకున్నారు. రెండు ఊళ్ళ బడి సెలవులు ఒకేసారి రావు. అవి కలిసే రోజుల కోసం వీడియోలో గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఒకరోజు అల్లుడు, ఆడ గీజర్లు చూడొచ్చు అన్నాడు. నేను బెండకాయలు తరుగుతూ, "ఈ ఇంట్ల లేదని గంత దూరం పోవాల్నా? హైదరాబాద్‌ల మన బాత్రూంలనే ఉండె గద గీజర్" అన్నాను. మా వైపు స్నానానికి నీళ్ళు కాచే డబ్బానే గీజర్ అంటారు. నేలలోంచి మరిగే నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు చిమ్మితే దాని పేరు కూడా అదేనని నాకెవరు చెప్పారు?

అల్లుడి అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వితే నవ్వింది. ఆ తర్వాత తమ్ముడితో, "అత్తమ్మను తీస్కపోవుడు ఎందుకురా? ఆడ అంత బోర్డులే. సదువక కాగే నీళ్ళల్ల కాలు పెడితే ఎవరు సూడాలె?" అంది. మా చిన్నాయన లేచి వచ్చి హాంబర్గ్‌లో కూర్చున్నట్టనిపించింది. మర్నాడు బంధువుల గ్రూపులో ఆమె నా గురించి తెలుగులో రాసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. మా గీజర్ అత్తమ్మ. కింద వరసగా నవ్వే బొమ్మలు. ముసలితనంలో అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలతో నేను చదువుకున్నది నా మీది ఎగతాళిని. నా బిడ్డ ఫోన్ లాక్కుని, "పోనియ్యమ్మా" అంది. నేను పోనివ్వలేదు. ఆ నీళ్ళు నా కళ్ళతో చూసి తీరాలనీ, రమ్మని ఆమె నోటితోనే నన్ను పిలిపించుకోవాలనీ అనుకున్నాను.

ఒక శనివారం అల్లుడి అక్కా, ఆమె భర్తా మా ఇంటికి వచ్చారు. వీసా టెర్మిన్, అంటే ఇక్కడి మాటలో అపాయింట్‌మెంట్, ఆ రోజే తీసుకోవాలి. అందులో నా పేరు పడకపోతే, వాళ్ళు పోయినన్నాళ్ళు నేను ఇక్కడే పక్కింటి వాళ్ళను నమ్ముకుని ఉండాలి. నేను చాయ్ ఇచ్చి, మురుకుల పళ్ళెం ముందు పెట్టి, "ఇంకేం సూస్తరు బిడ్డా?" అని అడిగాను. ఆమె ఉషారుగా చెప్పుకుపోయింది. అడవి దున్నలు, తోడేళ్ళు, ఎలుగుబంట్లు. హోటల్ వద్దట, జంతువుల నడుమే గుడారం వేసుకుంటారట. ఆ మాట మీదే నాకు పని కూడా చెప్పింది: "అత్తమ్మా, ఈయనకు రొయ్యల పొడి లేకుంటె ముద్ద దిగదు. అది జర ఎక్కువ కొట్టిపెట్టుండ్రి, వెల్లుల్లి కారం గూడ." నన్ను వద్దనుకుని, నా చేతి పొడులు మాత్రం మోసుకుపోదామనుకుంది.

నేను ఆమెను పూర్తిగా చెప్పనిచ్చాను. చెప్పడం అయ్యాక అడిగాను: "మరి రాత్రిపూట రొయ్యల పొడి తలకాడ పెట్టుకుంటరా, కాళ్ళకాడ పెట్టుకుంటరా? ఎలుగుబంటి ఎటు నుంచి వస్తదో సూస్కోవాలె గద."

ఆమె నవ్వబోయింది. ఆమె భర్త నవ్వలేదు. ఆయనది భీమవరం వైపు. ఫోన్‌లో ఏదో వెతికి చదివి, భార్య వైపు తిరిగాడు. "గుడారంలో టూత్‌పేస్టు కూడా ఉంచకూడదంట. వాసనొచ్చేవన్నీ ఇనప్పెట్టెలో పెట్టాలంట. నువ్వేమో రొయ్యలు పక్కలో పెట్టుకుని పడుకుందామంటున్నావ్. గోడలున్న ఇల్లు తీసుకో, వండే మనిషిని కూడా చూడు. నీ వంటే తినాలంటే అంత దూరం ఎందుకే, హాంబర్గ్‌లో తింటానే ఉన్నా కదా."

మా అల్లుడు నేల చూపులు చూస్తూ, "అత్తమ్మ వస్తె అయిపోతది గదక్కా" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను మురుకులు సర్దుతున్నాను.

"మీరు గూడ రారాదా అత్తమ్మా" అంది ఆమె.

"నేనెందుకు బిడ్డా? బోర్డులు సదువరాదు, కాగే నీళ్ళల్ల కాలు పెడ్త."

ఆమె ముఖం కందిపోయింది. మళ్ళీ అడిగింది. మోకాళ్ళ నొప్పులన్నాను. మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను: "నోటితోటి అంటె నాకు యాదుండదు. గ్రూపుల రాయి. తెలుగుల రాయి."

రాసింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, అందరికీ వినబడేలా చదివాను. అ, త్త, మ్మ, రా, క, పో, తే, మే, ము, పో, ము. అప్పటికే నాకు చదవడం బాగానే వచ్చు. అంత నిదానంగా చదవాల్సిన అవసరం లేదు. ఆమె తల వంచుకుని కూర్చున్నంతసేపూ చదివాను.

వీసా కోసం ఇచ్చిన పేర్లలో నా పేరు పడింది. ఆగస్టులో ప్రయాణం. నా బిడ్డ, "ఇగ అయిపాయె గద, మర్సిపో అమ్మా" అంది. సరేనన్నాను.

అల్లుడి అక్క ఇప్పుడు తరచూ నాకే ఫోన్ చేస్తోంది. విమానం గురించి, తన ఆఫీసులో వాళ్ళ గురించి, తన అత్తగారి గురించి, ఎవరితోనూ చెప్పనివన్నీ చెబుతోంది. నేను మనసులో ఏమీ పెట్టుకోలేదని, ఎంతో మంచిదాన్నని అందరితో అంటోందట. నేను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాను. "అట్లనా బిడ్డా, ఇంకేమైంది?" అంటాను. మా నాయనమ్మ నాకిచ్చిపోయింది అదొక్కటే, ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఓపికగా వినడం.

ఆమె ఇంకా చెబుతూనే ఉంది.