పొడుగు మిగిలిన బెరడుబట్ట

సెమ్వెజి నోట మాట రావాలంటే ముందు అతని చేతిలో సుత్తి ఆగాలని మసాకా పట్నం దిగువ ఊళ్లలో నవ్వుకుంటారు. ముతుబా చెట్టు బెరడు వలిచి, ఆవిరి పట్టి, గాడులు చెక్కిన కొయ్యసుత్తులతో కొట్టి కొట్టి బట్టంత పలచన చేసే పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్క పాకలవాళ్లను చూస్తూ, ఎన్నో బెరళ్లు చింపుకుని నేర్చుకున్నాడు. ఎవరు పోయినా శవానికి చుట్టేది ఆ బట్టే. పరామర్శకు అందరూ మాటలు పట్టుకెళ్తే అతను బట్ట పట్టుకెళ్తాడు.

అతని భార్య పోయినప్పుడు నంబోజె వచ్చింది. చనిపోయిన స్నేహితుడి భార్య, వరసకు వదిన. ఓదార్పు మాట ఒక్కటీ అనకుండా అతని అరటితోటలో దిగి పొద్దువాలేదాకా కలుపు తీసింది. "తోట ఇట్లా పెడితే మా తోటికోడలు లేచొచ్చి తంతుంది, మరిదీ" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఆ రోజే అతను మళ్లీ ముద్ద నోట పెట్టాడు.

ఇప్పుడు ఆమె ఒక్కగానొక్క కొడుకు ముబిరు చేపలకెళ్లిన పడవ పెద్ద సరస్సులో తిరగబడింది. తోటివాళ్లు శవాలై ఒడ్డుకొచ్చారు. ముబిరు రాలేదు. జనం వచ్చి ఎంత ఘోరమని, ఎంత ఘోరమని చెప్పి వెళ్తున్నారు. సెమ్వెజికి ఆ మాటలు పొట్టులా తోచాయి. ఉన్న చెట్లలో మేలైనదాన్ని ఎంచి బెరడు వలిచాడు. బోసిపోయిన మానుకు మళ్లీ బెరడు పట్టేలా అరటాకులు చుట్టి కట్టాడు. ముబిరు వంగకుండా ఏ గుమ్మమూ దాటలేనంత పొడగరి. ఆ పొడుగుకు సరిపోయేలా, తన జన్మలో ఎన్నడూ కొట్టనంత మెత్తగా కొట్టాడు.

చావు జరిగిన ఇంటి ముందు మంట ఆరనివ్వరు. నంబోజె వాకిట్లో మంటే లేదు. అది చూసైనా అతను వెనక్కి తిరగాల్సింది. లోపల ఆమె ఉడికిన అరటికాయ ముద్దలో కొడుకు వాటా తీసి, ఆకుకింద వేడిగా దాస్తోంది. బట్ట అందించాడు. ఆమె మడత విప్పి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది.

"ఎవరి కొలత ఇది?"

అతను బట్టను మళ్లీ మడవబోయాడు.

"వాడు పోయాడని సరస్సు ఇంకా చెప్పలేదు, మరిదీ. ఊరు చెబితే ఓర్చుకున్నాను. నువ్వు ఏకంగా కొలత పెట్టి తెచ్చావు."

బట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు కలుపుకత్తి పట్టుకుని ఆమె తోటకు వెళ్లాడు. ఆమె గట్టున నిలబడి, వెళ్లిపొమ్మని చేత్తోనే చెప్పింది.

వానలు వెలిశాక వంశం పెద్దలు ఇక ఆగలేమన్నారు. శవం దొరకనివాళ్లకు బదులు అరటిబోదెను పాతిపెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఆ పొద్దున నంబోజె తనంతట తానే అతని పాకకు వచ్చింది. చిక్కి సగమైంది.

"ఆ బట్ట ఉందా?"

ఉంది. ఇంకెవరికీ ఇవ్వలేదు.

గోతి పక్కన బోదెకు బట్ట చుట్టాడు. చాలా మిగిలిపోయింది. అలవాటుగా కత్తి తీశాడు. నంబోజె అతని మణికట్టు పట్టుకుంది.

"కోయకు. వాడు పొడుగు."

మిగిలిన బట్టను కిందివైపు మడిచాడు. ఎంత సర్దినా ఆ మడత పడుకున్న మనిషి పాదాల్లా నిలవలేదు.