చింతమొద్దులో మేకు

మాచర్ల ఖలందరన్న చిప్పర్ మిషన్ కొన్నప్పుడు నవ్వనోడు లేడు. చిప్పర్ అంట, చేతికి చిప్పొస్తుంది చూడండని టీకొట్టు కాడ ఒకటే ఎకసెక్కాలు. ఆయన పట్టించుకోలా. ట్రాక్టర్ వెనక దాన్ని తగిలించుకుని ఊరూరా తిరిగి, కూలిన చెట్లూ, కొట్టేసిన సర్కారుతుమ్మా ముక్కలు చేసి ఫ్యాక్టరీ బాయిలర్లకు తోలేవాడు. పొట్టు ఉండదు, మట్టి తగలదు, ముక్కలన్నీ ఒకే సైజు. ఆయన లోడు వెనక్కి తిరిగొచ్చింది లేదు.

మొద్దు మిషన్‌లో పెట్టేముందు చెట్టుగలవాళ్ళని ఒక్కటే అడిగేవాడు, మేకులున్నాయా అని. దండేనికి కొట్టిందో, పార్టీ బోర్డుకి కొట్టిందో ఒక్క మేకున్నా లోపల కత్తి విరిగి ఎగురుతుంది. ఉందంటే ఆ ముక్క కోసి పక్కన పడేసేవాడు.

మొన్న ఎండాకాలం గాలివానకి మా ఊళ్ళో, అదే రెంటచింతల పక్కన, రామాయమ్మ పెద్దమ్మ చింతచెట్టు కూలింది. ఖలందరన్న వచ్చి అడిగాడు. పెద్దమ్మ తలొంచుకుని, ఏమీ లేవయ్యా, ఏసుకో అంది.

ఉంది. నాబోటోళ్ళకి తెలీదుగానీ ముసలోళ్ళందరికీ తెలుసు. కాపరానికొచ్చిన కొత్తలో పెద్దమ్మకి దయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలిపించి, ఆమె జుట్టు పాయ ఆ చెట్టుకు పెట్టి మేకు దిగ్గొట్టారు. ఆ సంగతి నోటితో అంటే దయ్యం ఊడొస్తుందంట! మేకు మీద మాను పెరిగి మూసేసింది. ఆరోజు మిషన్ చుట్టూ నిలబడి చూసిన పెద్దమనుషుల్లో ఒక్కడూ నోరు తెరవలా. ఓట్లప్పుడు మాత్రం ఎక్కడలేని నోరు లేస్తుంది వీళ్ళకి.

కత్తి విరిగి ఖలందరన్న కుడికన్ను పోయింది.

నరసరావుపేట ఆస్పత్రికి పెద్దమ్మని నేనే తీసుకెళ్ళా. మంచం పక్కన కూచుని మేకు సంగతి చెప్పి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఖలందరన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కోపం రాదా మరి, మనిషన్నాక?

"దయ్యం వస్తుందని భయపడ్డావా పెద్దమ్మా?" అన్నాడు చివరికి.

"దయ్యమేందయ్యా. అప్పుడూ లేదు. నెలల బిడ్డ చచ్చిపోతే ఏడ్చా. ఏడుపు ఆపట్లేదని దిగ్గొట్టారు. మేకుందంటే ఎందుక్కొట్టారని అడుగుతావు. ఆ బిడ్డ మాట ఎత్తలేక చెప్పలా."

ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగాడు ఖలందరన్న. ఇన్నేళ్ళలో ఆమెని ఆ మాట అడిగినోడు ఆయనొక్కడే.