చుక్కకు వేసిన రెండు సూదులు

1977 జూన్‌లో నన్ను ఆళ్లగడ్డ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరేళ్లయింది. మా శాఖలో పశువైద్యుడికి అది మొదటి మెట్టు. మా పైన నంద్యాలలో అసిస్టెంట్ డైరెక్టర్ ఉండేవారు. ఆయన్ను అందరం ఏడీ గారు అనేవాళ్లం. ఆళ్లగడ్డ ఆస్పత్రి అంటే రెండు గదులు, ముందు రేకుల పంచ, ఆవరణలో పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. నా కింద మౌలాలి అనే కాంపౌండరు, ఒక అటెండరు ఉండేవారు. మౌలాలి వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మందులు కలపడం, కట్లు కట్టడం, పశువును పడేసి కాళ్లు బిగించడం ఆయన పని. ఆ పనుల్లో ఆయన చెయ్యి నా చెయ్యి కంటే నమ్మకమైనది.

మా పని నూటికి తొంభై పాళ్లు ఎద్దులు, ఎనుములు, గొర్రెలతోనే. టీకాలు, చూడి పరీక్షలు, అడ్డం తిరిగిన దూడను బయటికి తీయడం, చచ్చిన పశువును కోసి చూసి కారణం రాసివ్వడం. ఆస్పత్రికి కుక్కలు రావడం అరుదు. వచ్చినా చాలావరకు బతికించమని కాదు, చంపమని. లారీ కింద పడి నడుము విరిగినవి, ముసలితనంలో పుండ్లకు పురుగులు పట్టినవి తెచ్చేవాళ్లు. వాటికి మేం వాడేది మెగ్నీషియం సల్ఫేట్. జనం భేదికి తాగే ఉప్పే అది. నీళ్లలో ఇంక కరగనంత చిక్కగా కలిపి, ముందు కాలి నరంలోకి వేగంగా ఎక్కించేవాళ్లం. ఒకటి రెండు నిమిషాల్లో కుక్క కదలిక ఆగిపోయేది. అరుపు ఉండదు, పెనుగులాట ఉండదు. నా సీనియర్లు అలా చేయగా చూశాను, నేనూ అలాగే చేశాను. బాధ లేకుండా సాగనంపే పద్ధతి అదేనని నమ్మాను.

1979 మార్చిలో ఒక పొద్దున సుగుణమ్మ, ఆమె భర్త దావీదు ఒంటెద్దు బండిలో ఒక ముసలి ఆడకుక్కను తెచ్చారు. ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. సుగుణమ్మ ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల అందరూ ఆమెను సిస్టరమ్మ అనేవాళ్లు. కాన్పు కష్టమైతే అప్పటికీ ఆమెకే కబురు పంపేవాళ్లు. దావీదు రెండెకరాల మెట్ట సేద్యం చేసుకునే రైతు. కుక్క పేరు చుక్క. ఒళ్లంతా నలుపు, నుదుట మాత్రం రూపాయంత తెల్లమచ్చ. సిస్టరమ్మ ఏ ఊరికి కాన్పుకు నడిచిపోయినా పన్నెండేళ్లుగా ఆమె వెంట పోయింది అదే.

కుక్క బండిలో పడుకోలేదు, కూర్చునే వచ్చింది. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, నోటితో గాలి పీల్చుకుంటోంది. పొట్ట కింద చన్నుల వరుసలో కోడిగుడ్డంత గడ్డ పగిలి పుండైంది. దాని పక్కన మరో మూడు గడ్డలు చేతికి తగిలాయి. ఊపిరితిత్తుల మీద స్టెతస్కోప్ పెడితే చాలాచోట్ల గాలి చప్పుడే లేదు. ఎక్స్‌రే మాకు లేదు, ఉన్నా అది కొత్తగా చెప్పేదీ లేదు. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ఏడాది ముందు వచ్చి ఉంటే కోసి తీసేవాణ్ని. ఆ మాట నేను అనకముందే ఆమె అంది.

"మనుషులకైతే గడ్డ తగిలిన దినమే రమ్మని చెప్తా ఉంటి. దీని కడుపు తడిమి చూడాలని నాకే తోచకపాయ."

రెండు మూడు వారాలకు మించి బతకదనీ, ఆ రోజులు కూడా సుఖంగా ఉండవనీ చెప్పాను. ఒప్పుకుంటే సూది వేస్తాననీ, నిమిషంలో అయిపోతుందనీ అన్నాను. ఏం మందని ఆమె అడిగింది. చెప్పాను. ఇంకోటి అడిగింది.

"సారూ, ఆ సూది ఏసినప్పుడు దానికి తెలుస్తాదా?"

నిమిషం కూడా పట్టదమ్మా అన్నాను మళ్లీ.

"నిమిషమంటే మీకు. ఊపిరాడనోళ్లకు నిమిషం ఎంతసేపో నేను చూసినా."

నాకు కోపం వచ్చింది. పంచలో ఇంకా పది పశువులు ఎదురుచూస్తున్నాయి, పైగా ఈమె నా పనిలో తప్పు వెతుకుతోందనిపించింది. నా ముఖం చూసి కనిపెట్టినట్టుంది, గొంతు తగ్గించి, తను వద్దనడం లేదనీ, తెలుసుకొని చెబితే చాలుననీ, అంతవరకూ తనే చూసుకుంటాననీ అంది. దావీదు కుక్కను రెండు చేతుల మీద ఎత్తి బండిలో కూర్చోబెట్టాడు. నొప్పికి మాత్రలు, పుండు కడగడానికి మందు ఇచ్చి పంపాను.

ఆ సాయంత్రం క్వార్టర్స్‌లో నా మందుల పాఠ్యపుస్తకం తీశాను. నేను వెతికిన పేరా అందులో ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ ఊపిరి తీసుకునే కండరాలను చచ్చుబడేలా చేస్తుంది గానీ, స్పృహను ముందుగా పోగొడుతుందని చెప్పలేం. అందువల్ల పూర్తిగా మత్తులో ఉన్న జంతువుకే వాడాలి అని దాని సారాంశం. పేజీ అంచున పెన్సిల్ గీత కూడా ఉంది. అది నేను గీసుకున్నదే. పరీక్ష కోసం చదివి, రాసి, మరిచిపోయాను. కదలకపోవడాన్ని బాధ లేకపోవడం అనుకున్నాను.

మర్నాడు ఈ సంగతి మౌలాలితో చెప్పాను. ఆయన సీసాలు తుడుస్తున్నవాడు ఆగాడు.

"కండ్లు ఆడేది నేను చూసినా సార్, ఒళ్లు చల్లబడినాంక కూడా. మీరు సదువుకున్నోళ్లు, తెలిసే చేస్తాండారనుకుంటి."

ఆయన నన్ను తప్పుపట్టడానికి అన్నది కాదు. అందుకే ఆ మాట నాకు ఎక్కువగా తగిలింది. ఆ రోజు టేబుల్ ముందు కూర్చుని ఎనిమిదేళ్లలో నేను సూది వేసిన కుక్కల్లో గుర్తున్న వాటిని ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. అన్నీ గుర్తులేవు.

మత్తుకు కావలసింది పెంటథాల్. లేత పసుపు పొడి, చిన్న సీసాల్లో వస్తుంది, స్వేదన జలంలో కలిపి నరానికి ఇవ్వాలి. మాలాంటి చిన్న ఆస్పత్రులకు ఇచ్చే మందుల జాబితాలో అది లేదు. శనివారం బస్సెక్కి నంద్యాల వెళ్లి ఏడీ గారిని కలిశాను. ఆయన సర్వీసులో చాలా సీనియర్, మాట కరుకు. ఊరకుక్కకు పెంటథాలా అన్నారు. ఎవరైనా పెద్దమనిషి కుక్కా అని కూడా అడిగారు. రిటైరైన నర్సుదని చెప్పి, ఆమె అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు చెప్పాను. పుస్తకంలో చూసిందీ, మౌలాలి అన్నదీ కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తనకూ అలా చేయాలనే నేర్పారనీ, తనూ అలాగే చేశాననీ, ఎవరూ అడగలేదనీ అన్నారు. ఆపరేషన్ల కోసం దాచుకున్న వాటిలోంచి రెండు సీసాలు తనే తెచ్చి ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో సిస్టరమ్మ వాళ్ల ఊరి దగ్గర బస్సు దిగి వాళ్లింటికి నడిచాను. అప్పటికి చుక్క ఇంటికి తిరిగెళ్లి ఐదు రోజులైంది. చావుకు దగ్గరైన జంతువును ఎలా చూసుకోవాలో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. రోగం నయం చేయడం, లేదా చంపడం, ఈ రెండే మా చదువులో ఉన్నాయి. మధ్యలో ఇంత పని ఉంటుందని నేను సిస్టరమ్మ పంచలో చూశాను. గోనెసంచిలో వరిపొట్టు నింపి, పైన పాత చీర పరిచి పరుపు చేసింది. కుక్క ముందు భాగం ఎత్తుగా ఉండేలా దుప్పటి మడిచి పెట్టింది. దాంతో ఊపిరి కొంచెం తేలికైంది. పుండు రోజుకు రెండుసార్లు కడిగి, ఈగలు వాలకుండా దోమతెర గుడ్డ కప్పింది. తిండి బలవంతం చేయలేదు. పలచని గంజిని చెంచాతో చెంప పక్కనుంచి పోసి, మింగేదాకా ఆగి మళ్లీ పోస్తోంది. ఒకే పక్కకు ఒరిగి ఉంటే ఒళ్లు పుండ్లు పడుతుందని గంట గంటకూ పక్క మారుస్తోంది. పాత క్యాలెండర్ వెనుక నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటోందో పూటపూటా రాసి పెట్టింది. నేను వార్డులో పేషెంటును చూడటానికి వచ్చిన డాక్టరునన్నట్టు ఆ కాగితం నా చేతికిచ్చింది.

తెలుసుకొని వచ్చానని చెప్పాను. మీరు అడిగింది నిజమేననీ, ఇన్నాళ్లూ నేను చేసింది తప్పనీ చెప్పాను. మత్తు దొరికిందా అని ఆమె అడిగింది. దొరికిందన్నాను. అయితే ఇంకా అవసరం రాలేదనీ, దావీదు చేను నుంచి వస్తే చుక్క ఇంకా తోక ఆడిస్తోందనీ అంది. అవసరం వచ్చిందని ఎలా తెలుస్తుందని అడిగాను. తినడం మానితే కాదట, నిద్ర మానితే అట.

బుధవారం దావీదు సైకిల్ మీద ఆస్పత్రికి వచ్చాడు. నా గదిలోకి రాకుండా మౌలాలితో చెప్పాడు.

"రెండు దినాలాయ, కన్ను మూయలే. పండుకుంటే దమ్ము ఆడదు, కూచోనే తూలతాంది. సిస్టరు ఇంక చాలంటాంది, అన్నా."

మౌలాలినీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఎండ ఇంకా ఎక్కలేదు. సిస్టరమ్మ పంచ ఊడ్చి, నీళ్లు మరగబెట్టి, శుభ్రమైన గుడ్డ మీద నా సిరంజీలకు చోటు సిద్ధం చేసి ఉంచింది. చుక్క నన్ను చూసి తల తిప్పింది గానీ లేవలేదు. దావీదు దాని ముందు కూర్చుని తలను తన తొడకు ఆనించుకున్నాడు. సిస్టరమ్మ కుక్క ముందు కాలిని మోచేతి దగ్గర బొటనవేలితో నొక్కి నరాన్ని లేపింది. నరం బాగానే ఉంది సార్, నిదానంగా పోనీయండి అంది.

పెంటథాల్ మెల్లగా ఎక్కించాను. సగం పోకముందే చుక్క నిట్టూర్చి బరువుగా ఒరిగింది. రెండు రోజులుగా నిటారుగా ఉంచుకున్న మెడ దావీదు తొడ మీద వాలింది.

"పండుకోమ్మా, పండుకో" అన్నాడు అతను.

నేను ఆగాను. కన్ను మూల వేలితో తాకాను, రెప్ప కదల్లేదు. కాలి వేళ్ల మధ్య చర్మం గట్టిగా గిల్లాను, కాలు లాక్కోలేదు. మీరూ చూడండమ్మా అన్నాను. ఆమె కూడా కన్ను తాకి చూసి తల ఊపింది. అప్పుడే రెండో సూది, మెగ్నీషియం సల్ఫేట్, వేశాను. ఊపిరి ఆగింది, కాసేపటికి గుండె. స్టెతస్కోప్ తీసి ఆమెకిచ్చాను. ఆమె చాలాసేపు విని, అలవాటుగా చేతి గడియారం చూసుకుంది.

"తెలియలే దానికి" అంది దావీదుతో.

అతను అప్పుడు ఏడ్చాడు. ఆమె ఏడవలేదు, కనీసం మా ముందు. చేను గట్టున గుంత ముందే తవ్వి ఉంది. మౌలాలి, దావీదు కలిసి పూడ్చివచ్చేసరికి ఆమె నా గాజు సిరంజీలు కడిగి, మరగబెట్టి, ఆరబెట్టి పెట్టింది. మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది.

ఆ తరువాత మత్తు లేకుండా నేను ఏ జంతువుకూ ఆ సూది వేయలేదు. పెంటథాల్ దొరకనప్పుడు క్లోరల్ హైడ్రేట్ అనే పాత మత్తుమందు వాడాను. అదీ లేనప్పుడు దొరికేదాకా ఆగమని చెప్పి, ఆ మధ్య రోజుల్లో పరుపు ఎలా వేయాలో, గంజి ఎలా పోయాలో, నిద్రను ఎలా గమనించాలో యజమానులకు నేర్పాను. అదంతా సిస్టరమ్మ దగ్గర చూసిందే. 1986లో నేనే నంద్యాలకు ఏడీగా వెళ్లినప్పుడు, కొత్తగా చేరిన డాక్టర్లకు మొదట చూపించింది కన్ను మూల తాకి పరీక్షించడం.

కానీ ఈ ఉదంతంలో నాకు ఎక్కువ పనికొచ్చింది మందుల సంగతి కాదు. తప్పు జరుగుతోందని నా పక్కన నిలబడిన మనిషికి ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంది. నాకు తెలిసే ఉంటుందనుకుని ఆయన ఊరుకున్నాడు. నేను అడగలేదు గనుక ఆయన చెప్పలేదు. ఆ తరువాత ఏ ఊళ్లో చార్జి తీసుకున్నా, మొదటి వారంలోనే కాంపౌండరును ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను చేసే పనిలో మీకు సరిగా లేదనిపించేది ఏదైనా ఉందా అని అడిగేవాణ్ని. మొదటిసారి అందరూ ఏమీ లేదు సార్ అనే అంటారు. నెల తరువాత మళ్లీ అడగాలి. చెప్పేది అప్పుడే.