చెట్టు మీద చిన్నాన్న, నేల మీద తాతయ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొబ్బరిచెట్టు ఎక్కే ముందు ఒక పద్ధతి ఉండేది. నడుమున కత్తి దోపుకోగానే ఎక్కేయకూడదు. రెండు అరచేతులూ మానుకి ఆనించి, పొట్ట కూడా తగిలేలా నిలబడి, కళ్లు మూసుకోవాలి. మాను ఎంత సన్నగా కదులుతున్నా ఆ కదలిక ఒంటికి తెలిసేదాకా అలాగే ఉండాలి. మా తాతయ్య దాన్ని ‘మానుని అడగడం’ అనేవాడు. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో ఎవరో చెబుతుంటే కళ్లు మూసుకుని ధ్యానం అంటూ కూర్చుంటే నాకు నవ్వొస్తుంది. మా ఉద్దానం కొబ్బరితోటల్లో లుంగీ ఎగ్గట్టుకున్నవాళ్లు కూడా చేసేవారమ్మా అది, పేరు తెలియకుండానే.

ఊరికి ఎస్టీడీ బూత్ కొత్తగా వచ్చిన రోజులవి. తాతయ్యకు మోకాళ్లు పట్టేయడంతో చెట్లెక్కే పని మా చిన్నాన్న మీద పడింది. ఆయనకు పెళ్లై ఏడాది కాలేదు, పిన్నికి నెలలు నిండుతున్నాయి. మనిషి మహా చురుకు, ఓపిక మాత్రం సున్నా. ఆ పొద్దున పలాస నుంచి కాయల లారీ వచ్చి తోట బయట ఒకటే హారన్. చిన్నాన్న మానుని అడగలేదు. ఎక్కడానికని మానుకి కొట్టిన గాట్లలో కాలివేళ్లు పెట్టుకుంటూ చకచకా ఎక్కేశాడు. తాతయ్య చెట్టు కిందే నిలబడి చూస్తున్నాడు.

తోట మొత్తానికీ పొడవైన చెట్టు అది. చిన్నాన్న మట్టల దాకా చేరేలోపే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. అప్పుడే ఆయన చేయకూడని పని చేశాడు, తలెత్తి మబ్బుల్ని చూశాడు. మబ్బులు పరుగెత్తుతుంటే మానే ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. అంతే, మానుని వాటేసుకుని బిగుసుకుపోయాడు.

"సెట్టు పడిపోతంది నానా! నాను దిగలేను!"

కింద మా పక్కనే నిలబడ్డ పిన్ని కడుపు పట్టుకుని "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ కూలబడిపోయింది. లారీవాళ్లు తలా ఒకటి అరిచారు. దిగమని ఒకడు, కదలొద్దని ఒకడు. వాళ్లు అరిచేకొద్దీ ఆయన ఇంకా బిగుసుకున్నాడు. ఒక పాదం గాటులోంచి జారి గాల్లో ఆడింది.

తాతయ్య చెయ్యెత్తి అందరి నోళ్లూ మూయించాడు. మాను మీద అరచెయ్యి ఆనించి, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టు అడిగాడు.

"కళ్లు మూసుకోరా నాయినా. నీ కుడికాలి బొటనేలికి ఏటి తగుల్తంది?"

నాకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణం మీదికొస్తే బొటనవేలి గోలేమిటి! పైనుంచి సన్నగా వినిపించింది, గాటు తగులుతోందని. చల్లగా ఉందా అన్నాడు తాతయ్య. ఉందన్నాడు చిన్నాన్న. అలా ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. మడమ ఎక్కడుంది, మోకాలు ఎక్కడ ఒత్తుకుంటోంది, పొట్టకు మాను గరుకు తెలుస్తోందా, ఊపిరి ఎంతవరకు దిగుతోంది. గుండె దగ్గరే ఆగిపోతోందని ఏడుపు గొంతుతో చెప్పాడు చిన్నాన్న.

"పొట్టకి దిగనీ. మాను అటెల్తే ఒదులు, ఇటొత్తే పీల్సు. మాను నిన్ను పడెయ్యదురా, ఊపుతంది అంతే."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. గాలి తగ్గలేదు, చెట్టు ఊగడం మానలేదు. అయినా బిగుసుకున్న ఆ వీపు మెల్లమెల్లగా వదులైంది. జారిన పాదం తడుముకుంటూ కింది గాటులోకి దిగింది. తర్వాత రెండోది. గాల్లో ఉన్న మనిషికి కింద నుంచి ఒక గొంతు కాళ్లను తిరిగి ఇస్తోంది. అంత అద్భుతాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నేల తగలగానే చిన్నాన్న ఇసుకలో బోర్లా పడ్డాడు. పిన్ని ఆయన్ని కొడుతూ, తిడుతూ, వాటేసుకుని ఏడ్చింది. అందరూ అటు పరుగెత్తారు. నేను తాతయ్య చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. కిందికి చూస్తే ఆయన పాదాలు చీలమండల దాకా ఇసుకలో దిగబడి ఉన్నాయి, వేళ్లతో నేలను పట్టుకున్నట్టు.

"నీకూ భయమేసిందేటి తాతా?"

"ఎయ్యకేటే గుంటా, నా కొడుకు కాడేటి! భయాన్ని ఎల్లిపోమంటే ఎల్దు. కాళ్లెక్కడున్నాయో మర్సిపోకుంటే సాలు."

మొన్న పలాస ఆస్పత్రిలో మా ఆయన కిడ్నీ పరీక్ష ఫలితం కోసం బల్ల మీద కూర్చున్నాం. కిడ్నీ జబ్బు తగలని ఇల్లు లేని మా వైపు ఆ కూర్చోవడం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. చెప్పులు విప్పి, రెండు పాదాలూ ఆ చల్లటి గచ్చు మీద ఆనించాను. మడమ, అరికాలు, బొటనవేలు. ఊపిరి పొట్టకు దిగింది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. లోపలి నుంచి మా ఆయన పేరు పిలిచారు. ఆయన చెయ్యి పట్టుకుని లేచి, నా కాళ్ల మీద నేను నడుచుకుంటూ లోపలికి వెళ్లాను.