బోధన్ ఫ్యాక్టరీని నేను తెరిచిన ఆదివారం

నీలం బటన్ నొక్కాను. గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. ఆ వెంటనే చప్పట్లు. నేను వినయంగా తల వంచి, చేతులు జోడించి, ఆ చప్పట్లను పువ్వుల్లా అందుకున్నాను. మూతపడి ఏళ్లు గడిచిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీని ఆ క్షణంలో నేను తెరిచేశానని అప్పటికి నాకు తెలియదు.

ఎన్ని ధర్నాలకూ కదలని గేటు నా చూపుడువేలికి తెరుచుకుంది. దాన్ని మళ్లీ మూయడానికి ఆ రోజంతా నేను పడ్డ పాట్లు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. జిల్లాలో నవ్వాల్సినవాళ్లందరూ ఎప్పుడో నవ్వేశారు.

ముందు ఆ గది సంగతి. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక కోచింగ్ సెంటర్ మేడమీద నెలకో ఆదివారం మేం కలుస్తాం. మేమంటే, సొంత వెబ్‌సైట్ నడుపుకోవడానికి ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. అందులో రాత రాసి, ఫొటో అతికించి, బటన్ నొక్కితే చాలు, కంప్యూటర్ చదువు లేనివాడి సైటు కూడా లోకానికి కనబడుతుంది. జక్రాన్‌పల్లి నుంచి పసుపు విత్తనం అమ్మే ఆయన వస్తాడు; ఆయన సైటులో పసుపు కొమ్ముల కంటే ఆయన ఫొటోలే ఎక్కువ. బోధన్ నుంచి ఫొటో స్టూడియో రఫీ భాయ్ వస్తాడు. అందరినీ కూడగట్టింది స్రవంతి. ఆస్పత్రులకూ బట్టల దుకాణాలకూ సైట్లు కట్టిపెట్టే అమ్మాయి. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు అడిగినా మొదటిసారి విన్నట్టే జవాబు చెప్పే ఓపిక ఆమెది. ఆ ఓపికకు అంతు ఉందని కనిపెట్టినవాణ్ని నేనే.

నేను పత్రికలో జుట్టు నెరిసేదాకా పనిచేసి, అప్పుడే బయటికొచ్చి, జిల్లా కబుర్లు రాసే చిన్న సైటు పెట్టుకున్నాను. పాఠకులు కొద్దిమందే. కానీ ఆ కొద్దిమందీ నా రాతను కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు. ఈ మాట ఎక్కడికి వెళ్లినా చెప్పుకునేవాణ్ని. నా కొంప ముంచింది ఈ నమ్మకమే.

అంతకుముందు నెల సమావేశంలో ఒక ప్లగిన్ బిగించుకోవడం నేర్చుకున్నాను. సైటుకు అదనంగా తగిలించుకునే పనిముట్టు లాంటిది. కొత్త వార్త పడితే చాలు, పేరు రాయించుకున్న వాళ్లందరి ఫోన్లకూ తనంతట తానే పంపిస్తుంది. దాన్ని చూసుకుని, కొత్త స్కూటర్ కొన్నవాడిలా మురిసిపోయాను. గదిలో ఉన్నవాళ్లందరితోనూ బలవంతంగా పేర్లు రాయించాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

ఆ ఆదివారం పాఠం చెప్పే వంతు నాది: సైటులో వార్త పెట్టడం ఎలా. ఇలాంటి పాఠాలకు స్రవంతి ఒక సాధన సైటు కట్టి ఉంచింది. అందులో ఏం రాసినా బయటికి పోదు. ఆ రోజు నెట్ నీరసించి ఆ సైటు తెరుచుకోలేదు. ఐదు నిమిషాలు ఆగమంది. నేను ఆగుతానా? నా సొంత సైటు ఉండగా సాధన ఎందుకమ్మా అని, పెద్దరికం చూపించి, దాన్నే తెర మీదికి తెచ్చాను.

ఇక శీర్షిక కావాలి. మా పత్రికలో కొత్త అక్షరాలు వచ్చినప్పుడల్లా, వత్తులూ గుడులూ ఒకదానికొకటి తగులుతున్నాయేమో చూడ్డానికి ఒకే వాక్యం కొట్టి చూసేవాళ్లం: ‘బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ మొదలు’. అందులో చక్కటి వత్తులున్నాయన్నది పైకి చెప్పే కారణం. అసలు కారణం వేరు. మా జిల్లాలో పనిచేసిన ప్రతి విలేకరీ ఒక్కసారైనా రాయాలని దాచుకున్న శీర్షిక అది. చేతులు వాటంతట అవే కొట్టేశాయి. కొట్టాక ఊరుకోబుద్ధి కాలేదు. రైతుల కళ్లలో వెలుగు అన్నాను. గానుగలకు పూజలు అన్నాను. ‘ఆదివారం ఉదయం ఫ్యాక్టరీ సైరన్ మోగడంతో చుట్టుపక్కల ఊళ్లు పులకించాయి’ అని ముగించాను. ఎంత బాగా కుదిరిందంటే, రెండుసార్లు పైకి చదివి వినిపించాను.

పత్రికలో నేను వార్త ‘పంపించాను’ అంటే, డెస్కులో ఎవరో చదివేవారు. ఇంకెవరో దిద్దేవారు. పేజీ పెట్టేవాడు కూడా ఒక కనుబొమ్మ ఎగరేసి ‘నిజమేనా సార్?’ అనేవాడు. ఆ ప్రశ్న నాకు ఎంత చిరాకో! అది లేకుండా నేను ఎన్నడూ ఒక్క ముక్కయినా అచ్చువేయలేదని ఆలోచించలేదు. ఇక్కడ ఆ ప్రశ్న అడిగే మనిషి లేడు. నీలం బటన్ ఉంది. దాని మీద ‘ప్రచురించు’ అని రాసి ఉంది. నొక్కాను.

చప్పట్లు ఆగాక వెనక బెంచీలోంచి రఫీ భాయ్ లేచాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

“సార్, దిల్ ఖుష్ అయింది. మా గ్రూపులన్నిట్ల ఏసిన.”

“ఏం వేసినవు భాయ్?”

“మీ వార్తనే. బోధన్ మొత్తం పోయింది సార్.”

నెల కిందట బిగించిన ప్లగిన్ అప్పుడు గుర్తొచ్చింది. అయినా తొణకలేదు. తప్పు జరిగితే సరిచేసుకోవడం కూడా పాఠంలో భాగమేనని ప్రకటించి, వార్తను సైటులోంచి వెనక్కి తీసి చిత్తుప్రతుల్లో పడేశాను. చూశారా, ఎంత సులువో అన్నాను. స్రవంతి నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది:

“సార్, మీ సైట్లకెల్లి తీసిండ్రు. మంది ఫోన్లల్లకెల్లి ఎట్ల తీస్తరు?”

అప్పుడిక సవరణ రాశాను: అది నమూనా మాత్రమే, పాఠకులు క్షమించాలి. బయటికి పంపాను. ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి లేదు. వార్తను నమ్మనివాళ్లు కూడా సవరణ చూసి వార్తను నమ్మారు. ఫోన్ల మీద ఫోన్లు. ఎవరు బెదిరించిండ్రు సార్ అని ఒకరు. భయపడకుండ్రి, మేమున్నం అని ఇంకొకరు. నవీపేట్ నుంచి ఒక పెద్దాయన, నిజం రాసినవాళ్లకు ఈ దేశంలో ఇదే గతి అని నన్ను ఓదార్చాడు. నేను ఆయనకు అది అబద్ధమని చెప్పిన కొద్దీ ఆయన గొంతు మరింత ఆర్ద్రమైంది.

అంతలో మా అక్క ఫోన్.

మా అక్కదీ సాయిలు బావదీ బోధన్ పక్కనే పల్లె. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బావ చెరుకు బండి తోలుకుని పోయి, వంతు వచ్చేదాకా బండి కిందనే పడుకున్న మనిషి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరు ఊరంతా వరికి మారింది. బావ కూడా మారాడు, ఒక్క చెలక పొలం తప్ప. అందులో చెరుకు అలాగే ఉంచాడు. రేపు ఫ్యాక్టరీ తెరిస్తే విత్తనం ఎవరిస్తరు అనేవాడు. ఆ చెరుకు బస్టాండు దగ్గర రసం బండ్లకూ, తులసి పెండ్లికీ పోతుంది. మిగిలింది అడవి పందులకు. పందులు అక్కడ మేసి ఊరుకోక పక్కవాళ్ల మళ్లు తొక్కుతున్నాయి. అక్కకు రోజూ మాటలు పడటమే. ఎన్నాళ్లుగానో పోరగా పోరగా, ఆ వేసవిలో బావ సరేనన్నాడు. చెరుకు దున్నించడానికి ట్రాక్టర్ మాట్లాడుకున్నారు. అది వచ్చే రోజు ఈ ఆదివారమే.

“తమ్మి, మీ బావ ట్రాక్టర్‌ను వాపస్ పంపిండు. ఫ్యాక్టరీ తెరిసిండ్రంటుండు. నువ్వే రాసినవంట గద?”

“అది ఉత్తదే అక్కా.”

“గా ముక్క నువ్వే వచ్చి ఆయనకు సెప్పు. నాతోని కాదు.”

బండి తీశాను. ఎడపల్లి దగ్గర చాయ్ తాగడానికి ఆగితే, బల్ల మీద కూర్చున్న ఆయన నా వార్తను నాకే వినిపించాడు. జపాన్ నుంచి మిషన్లు దిగుతున్నాయట. నేను రాయనిది ఇంకా చాలా ఉంది. ఎవరు చెప్పారని అడిగితే, పేపర్ల పెద్దసారు రాసిండు, పాపం ఆయనను ఎత్తుకపోయిండ్రంట అన్నాడు. ఎత్తుకపోబడిన నేను చాయ్ పైసలిచ్చి బయల్దేరాను.

ఊరి మొదట్లో వేపచెట్టు కింద ట్రాక్టర్ ఆగి ఉంది. దాని మీద డ్రైవర్ పోశెట్టి కాళ్లు చాపుకుని పాటలు వింటున్నాడు. నన్ను చూసి నిష్ఠూరమాడాడు.

“మీ వార్తతోని నా కిరాయి పోయింది సార్. రేపైనా, ఎల్లుండైనా, ఈ వారమంత నేను ఖాళీనే. అక్కకు సెప్పుండ్రి.”

చెబుతానన్నాను.

బావ చెరుకు నీడన గట్టు మీద ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఫ్యాక్టరీకి పోవడానికే తయారయ్యాడనుకున్నాను. దారంతా కూర్చుకున్న మాటలు వదిలేసి, ఉన్నదున్నట్టు చెప్పాను.

“బావా, అది ఉత్త వార్త. నేర్పుదామని రాసిన. ఫ్యాక్టరీ తెరుస్తలేరు.”

ఆయన ఒక గడ విరిచి, కొడవలితో చెక్కు తీసి, ముక్క నా చేతికిచ్చాడు.

“ఎరుకే.”

“ఎప్పుడెరుకైంది?”

“సదవంగనే. పొద్దుగాల సైరన్ మోగిందని రాసినవు గద. పొద్దుగాల నేను ఈడనే ఉన్న. నాకైతే ఇనబడలె.”

చెరుకు ముక్క కొరికాను. ఆ సైరన్ కోసం ఇన్నేళ్లుగా చెవి ఒగ్గి ఉన్న మనిషికి నేను సైరన్ అబద్ధం చెప్పాను.

“మరి ట్రాక్టర్ ఎందుకు వాపస్ పంపినవు?”

“మీ అక్కకు మాటిచ్చిన. తప్పాల్నంటే ఏదన్న సాకు కావాలె. నీ వార్త దొరికింది.” ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాడు. “ఇస్త్రీ అంగి సుత ఏసుకున్న, నమ్మిన్నని మీ అక్క నమ్మాలె గద. ఇయ్యాల్నే వచ్చి సెప్పాల్నా బామ్మర్ది? వారం ఆగి వస్తే నీ సొమ్మేం పోయేది?”

వెనక అక్క నిలబడి ఉంది. చాయ్ తెచ్చింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. గ్లాసులు మా చేతికిచ్చి, చెరుకు వైపు కాసేపు చూసింది. ఇక పోట్లాట మొదలవుతుందని నేను గట్టు మీద కొంచెం దూరం జరిగాను.

“ట్రాక్టరాయన ఖాళీ లేడంట,” అంది. “నాట్లయినంక గానీ రాడంట.”

నేను నోరు తెరిచాను. అక్క నా వైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు తను బడి ఎగ్గొట్టి వచ్చినప్పుడు ఇంట్లో చెప్పొద్దని చూసే చూపు అది. నోరు మూసుకుని చాయ్ తాగాను. నా జీవితంలో ఒక నిజమైన వార్త చేతిలో ఉంచుకుని ప్రచురించనిది అదొక్కసారే.

తిరిగి వచ్చేటప్పుడు బావ బండి దాకా వచ్చి, ఆ వార్త తుడిపేశావా అని అడిగాడు. తీసి చిత్తుప్రతుల్లో ఉంచానన్నాను. “ఉండనీ. మల్ల రాసుకునే పని తప్పుతది,” అన్నాడు.

మా సమావేశంలో ఇప్పుడు ఒక నియమం ఉంది: సాధన సైటు తెరుచుకుంటే తప్ప సార్ చేతికి మౌస్ ఇవ్వొద్దు. స్రవంతి దాన్ని గోడకు అంటించింది. దాని కింద నిలబడి, అందరి ఎదుటా, కుడిచేయి చాచి ప్రమాణం చేశాను. ఇకమీదట నమూనా కోసం ‘ఈరోజు ఆదివారం’ అని మాత్రమే రాస్తాను. అదీ ఆదివారమైతేనే. అదీ క్యాలెండర్ చూసి, ఇద్దరిని అడిగి.

ఆ వార్త ఇప్పటికీ నా చిత్తుప్రతుల్లో, నీలం బటన్ పక్కన ఉంది. చెరుకు ఉంది. పందులూ ఉన్నాయి. ఇది రాస్తున్నప్పటికి ఫ్యాక్టరీ తెరవలేదు. పోశెట్టికి కూడా తీరిక దొరకలేదు.